లేనియర్ మీద పంటు

"పాంటూన్ బోటు కొందామనుకుంటున్నా నాన్నగారూ" అని ఫోన్లో చెప్పగానే అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత, "పంటు అని సరిగ్గా అనరా. ఇంతకీ ఏ రేవులో తిప్పుతావు? మనిషికెంత, బైకుకెంత?" అన్నారు.

ఆయన తప్పేం లేదు. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి వశిష్ఠ గోదావరి దాటించే పంటు మీద సగం జీవితం గడిపిన మనిషి. కింద తేలేవి తేలుతుంటే పైన బల్లలు, బల్లల మీద జనం, మోటార్ సైకిళ్ళు, కొబ్బరి గెలలు. అమెరికావాడు ఇందులోంచి కొబ్బరి గెలలు తీసేసి సోఫాలు వేశాడు, అంతే. 1950ల తొలినాళ్ళలో మిన్నెసోటా రాష్ట్రంలోని రిచ్‌మండ్ దగ్గర ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనుప పీపాలు వరసగా అతికించి, పైన చెక్క పరిచి నీళ్ళలో వదిలాడు. ఇప్పటి పాంటూన్లకి అదే మూలమని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. రైతు కాబట్టి, సోఫా ముత్యపు తెలుపా, మీగడ తెలుపా అని మూడు వారాలు ఆలోచించి ఉండడు.

మేం ఆలోచించాం. అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో మా ఇల్లు. ఇక్కడి తెలుగువాడికి ఇల్లయ్యాక, కారయ్యాక, బేస్‌మెంటులో హోమ్ థియేటర్ అయ్యాక, ఇంక మిగిలింది నీళ్ళే. ఆ నీళ్ళూ పక్కనే ఉన్నాయి. చట్టహూచీ నదికి అడ్డంగా బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన లేనియర్ సరస్సు. 1996 ఒలింపిక్స్ పడవ పందేలు జరిగింది ఇందులోనే. అలాంటి నీళ్ళ మీద మన పులిహోర డబ్బా కూడా ఒకసారి తిరగాలి కదా.

మొదట కస్టమ్ వైపే మొగ్గాం. వాడిన బోటంటే మా ఆవిడకి "ఎవరు కూర్చున్నారో, ఏం తిన్నారో" అన్న బెంగ. అద్దె కార్లలో, హోటల్ మంచాల మీద రాని బెంగ ఇక్కడ ఎందుకొచ్చిందని నేను అడగలేదు. డీలర్ కుర్రాడు ఒక ఫారం ముందు పెట్టి, "అల్యూమినియం గొట్టాలు రెండా, మూడా?" అన్నాడు. మూడైతే బరువు ఎక్కువ మోస్తుంది, పెద్ద ఇంజిన్ పెట్టుకోవచ్చు, మలుపుల్లో కుదురుగా ఉంటుంది. "ఎంతమంది ఎక్కుతారు?" అన్నాడు. నాలుగు కుటుంబాలన్నాను. పదహారు అని రాసుకున్నాడు. పిచ్చివాడు. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగిన వేసవిలో నాలుగు కుటుంబాలంటే ఇరవై నాలుగు. బోటుకి బిగించిన ప్లేటు మీదేమో పన్నెండు మందే అని ఉంది. "సర్దుకుంటాం" అన్నాను. సర్దుకోవడం అనే మాటని అతనికి ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు. ఆ ప్లేటు మీద తలల లెక్కతో పాటు పౌండ్ల లెక్కా ఉంటుందట. మా బిర్యానీ ట్రేలు అందులోకే వస్తాయని చల్లగా చెప్పాడు.

తర్వాత వాస్తు. నడిపేవాడు తూర్పుకి తిరిగి కూర్చునేలా సీటు కట్టగలరా అని మా బావమరిది అడిగాడు. డీలర్ కుర్రాడు చాలా సేపు ఆలోచించి, "బోటు తిరుగుతుంది కదండీ" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో మా ఇంట్లో పాతికేళ్ళుగా ఎవరూ కదపలేని నమ్మకం కొంచెం కదిలింది. నిమ్మకాయల సంగతి మాత్రం తేలిగ్గానే తేలింది. బోటుకి చక్రాలు లేకపోయినా ట్రైలర్‌కి ఉన్నాయి.

చివర్లో ధర చెప్పాడు. అప్పుడు మా ఆవిడే అంది, "ఎవరు కూర్చుంటే ఏమైందండీ, తుడుచుకుంటాం" అని.

అలా వాడిన బోట్ల బజార్లో పడ్డాం. నాన్నగారికి ఫోన్ చేస్తే, "పాడిగేదెని కొన్నట్టే కొనరా. రెండు పూటలూ ఎదురుగా పిండించి చూడు. ముందుపూట పిండకుండా ఆపి, పొదుగు నింపి చూపిస్తారు, జాగ్రత్త" అన్నారు. నవ్వుకున్నాను. మర్నాడు ఒకాయన ఇంటికెళ్తే బోటు తాళం తిప్పీ తిప్పగానే చక్కగా అందుకుంది. చెయ్యి పెట్టి చూస్తే ఇంజిన్ అప్పటికే వెచ్చగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు మొరాయించే ఇంజిన్లని మనం రాకముందే ఒకసారి నడిపి ఉంచుతారట. పొదుగు నింపడమంటే ఇదే.

అక్కణ్ణుంచి నేను కోనసీమ బుర్రతోనే తిరిగాను. గొట్టాలని కొబ్బరికాయలు కొనేవాడిలా తట్టి చూశాను. ఒకదాంట్లోకి నీళ్ళు దిగితే బోటు ఆ పక్కకి ఒరుగుతుంది. డెక్ కింద ఉండేది ప్లైవుడ్డే, కార్పెట్ ఎంత కొత్తగా ఉన్నా పాదం కింద మెత్తగా దిగితే లోపల కుళ్ళినట్టే. ఇంజిన్ అడుగున గేర్ల నూనె తీయించి చూస్తే ఒకచోట అచ్చం పాలు కలిపిన కాఫీలా వచ్చింది. లోపలికి నీళ్ళు వెళ్ళాయన్నమాట. "అది మంచి బ్రాండ్ నూనె" అన్నాడు ఆ పెద్దమనిషి. బోటు వెనకాల పన్నెండు అక్షరాల నంబరు ఒకటి చెక్కి ఉంటుంది. చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. అమ్మేవాడు చెప్పే వయసుకీ ఆ అంకెలకీ పొత్తు కుదరని బోట్లు రెండు చూశాను. బోట్లు కూడా పెళ్ళిచూపుల్లో వయసు తగ్గించి చెబుతాయి.

ఈ మధ్యలో తెలిసిన విడ్డూరం ఒకటి చెప్పాలి. జార్జియాలో మోటారు బోటు నడపాలంటే 1998 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. అంటే ఈత పోటీల్లో మెడల్స్ తెచ్చుకున్న మా అబ్బాయికి సర్టిఫికెట్ కావాలి. రాజోలు కాలవలో గేదె తోక పట్టుకుని తప్ప నీళ్ళలోకి దిగని నాకు అక్కర్లేదు.

చివరికి కుదిరింది ఒక భీమవరం ఆయన దగ్గర. బోటు చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు. మూడు వారాలు మేం ఫారం మీద టిక్కులు పెట్టినవన్నీ ఉన్నాయి: ముత్యపు తెలుపు సోఫాలు, నీలం దీపాలు, ఆరు స్పీకర్లు, స్టీరింగ్ పక్కన వినాయకుడికి చిన్న గూడు. రెండేళ్ళ కిందట కస్టమ్‌గా కట్టించాడట. ఇంజిన్ తిరిగింది 31 గంటలు. ట్రైలర్ టైరు మీద ఇంకా పసుపు మరక ఉంది. వాడిన బోటు కదా, కాస్త తగ్గించమంటే చిన్నబుచ్చుకున్నాడు.

"వాడితే కదండీ!" అన్నాడు.

ఎందుకు అమ్ముతున్నారంటే, స్నేహితుడొకాయన మూడు గొట్టాలది తెచ్చాడట. దాని పక్కన ఈ రెండు గొట్టాలది కట్టేయడం బాగాలేదు. ఈయన కూడా మూడు గొట్టాలది ఆర్డరిచ్చాడు. వచ్చే వేసవికి వస్తుంది. ఆ తర్వాత వేసవికి దాన్ని ఎవరు కొంటారో నాకప్పుడే లీలగా కనిపించింది.

24,000 డాలర్లకి తెచ్చుకున్నాం. మా కాలనీ వాకిట్లో ట్రైలర్ పెట్టనివ్వదు, సరస్సు ఒడ్డున సొంత రేవు కట్టుకోవాలంటే ఆర్మీ ఇంజనీర్ల అనుమతి కావాలి. కాబట్టి మరీనాలో అద్దె. ఆదివారం రాత్రి లెక్క వేశాను. బోటు ధర పదేళ్ళకి పంచితే ఏడాదికి 2,400, మరీనా అద్దె 4,200, బీమా 600, పెట్రోలు, శీతాకాలం సర్వీసు కలిపి 1,440. మొత్తం 8,640. ఏడాదిలో మాకు నిజంగా కుదిరే శనివారాలు ఆరు. ప్లేటు ప్రకారం పన్నెండు మంది. మనిషికి, ట్రిప్పుకి, 120 డాలర్లు.

సరిగ్గా అప్పుడే నాన్నగారు ఫోన్ చేశారు. "కొన్నావట కదా. మనిషికెంత పెట్టావురా?"

"ఫ్రీయే నాన్నగారూ."

"ఫ్రీయా!" అన్నారు. కాస్త ఆగి, "మరి రేవు పాట ఎంతకి పాడావు?"