సిమ్ లేని సుఖం

2022 మే 10న ఆపిల్ కంపెనీ ఐపాడ్‌కు మంగళం పాడింది. ఉన్న సరుకు అమ్ముడైపోతే ఇక కొత్తవి రావని చెప్పేసింది. దేశదేశాల పత్రికలు నివాళులు రాశాయి. పర్చూరులో మాత్రం ఎవరికీ ముద్ద దిగకుండా పోలేదు. ఏడవటానికి అంతకంటే పెద్ద కారణాలు అప్పటికే వరసలో ఉన్నాయి. ఆ పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప పూతంతా నాకేసి పోయింది. ఏప్రిల్ 4న ఊరు ఉన్నచోటే ఉండి ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి మారిపోయింది. ఏ కాగితం ఏ ఊళ్లో ఇవ్వాలో తెలియక తిరుగుతున్న ఒక పెద్దాయనకు "ఐపాడ్ పోయిందట" అని చెబితే, "అదెప్పుడొచ్చింది పోవటానికి?" అన్నాడు. ఇక్కడి సంతాప సభ అంతటితో ముగిసింది.

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. 2001 అక్టోబరులో ఐపాడ్ పుట్టినప్పుడు దాని ధర 399 డాలర్లు. అప్పటి మారకంలో 19 వేల రూపాయల పైమాటే. అందులో 5 జీబీ జాగా, వెయ్యి పాటలు. పర్చూరు జేబులోకి కూడా వెయ్యి పాటలూ వచ్చాయి, కాకపోతే కొన్నేళ్లు ఆలస్యంగా, గోరంత మెమరీ కార్డులో కూర్చుని వచ్చాయి. 128 కేబీపీఎస్ నాణ్యతలో నాలుగు నిమిషాల పాట దాదాపు 4 ఎంబీ తీసుకుంటుంది. 4 జీబీ కార్డులో వెయ్యి పాటలు పట్టటానికి స్టీవ్ జాబ్స్ అక్కర్లేదు, బస్టాండు పక్క సెల్ షాపు కుర్రాడు చాలు.

ఆ కుర్రాడిది చాలా పెద్ద ఉద్యోగం. పదికో ఇరవైకో కార్డు నింపి ఇచ్చేవాడు. ఊరు ఏం వినాలో అతనే తేల్చేవాడు. భక్తి ఒక ఫోల్డరు, ఎన్టీఆర్ ఒక ఫోల్డరు, చిరంజీవి ఒకటి, జానపదాలు ఒకటి. పక్కనున్న కారంచేడులో పుట్టిన సినీ నిర్మాత రామానాయుడి మీద అభిమానం కొద్దీ 'ప్రేమనగర్' పాటలు అడగకుండానే పడేవి. కాపీరైటు అనే మాట ఆ షాపు గడప తొక్కిన దాఖలా లేదు. ఈ వ్యాసకర్త బాబాయి ఒకసారి తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' పద్యాలు ఎక్కించమని కార్డు ఇచ్చి వచ్చారు. కృష్ణ రాయబారం అయిపోగానే ఐటమ్ పాట అందుకుంది. ఆయన షాపు కుర్రాడిని వీధిలో నిలబెట్టి తిట్టారు. ఆ పాట మాత్రం ఆ కార్డులో చాలాకాలం ఉంది. ఎందుకు తీసేయలేదని పిన్ని అడిగితే, "తీసేయటం నాకెట్టా తెలుస్తుందే?" అన్నారు.

జేబులో పాట అనే ఆలోచనకు మూలపురుషుడు వాక్‌మన్. 1979 జూలై 1న సోనీ దాన్ని జపానులో 33 వేల యెన్‌లకు అమ్మకానికి పెట్టింది. సోనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన అకియో మొరిటాకు అప్పుడొక బెంగ పట్టుకుందట. మనిషి చెవుల్లో పాట పెట్టుకుని తనలో తాను మునిగిపోతే పక్కవాళ్లకు అమర్యాదగా ఉండదా? అందుకని తొలి వాక్‌మన్‌కు హెడ్‌ఫోన్ పిన్నులు పెట్టే చోట్లు రెండు ఉంచారు. ఇద్దరూ మధ్యలో మాట్లాడుకోవాలంటే పాటను తగ్గించే నారింజ రంగు మీట ఒకటి అదనం. మొరిటా పర్చూరు వచ్చి ఉంటే ఆ ఖర్చంతా మిగిలేది. ఇక్కడ పాట ఒక్కడే వినటమన్నది ఎన్నడూ లేదు. ఒకడు పెడితే బజారంతా వినాల్సిందే, వద్దన్నవాడు కూడా.

ఆ వినిపించే పని ఇప్పుడు ట్రాక్టరు చూసుకుంటోంది. పాటలకే పుట్టిన పరికరం స్మార్ట్‌ఫోన్ రోజుల్లో బతికి ఉందా అని పట్నాల్లో చర్చ జరుగుతుంటుంది. పర్చూరులో అది ట్రాక్టరు టాపు కింద బోల్టులతో బిగించి ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఒకటి, నాలుగు మీటలు, రెండు బాక్సులు. వైఫై లేదు, కాల్ రాదు, నోటిఫికేషన్ రాదు. హారన్ పనిచేయని ట్రాక్టరును చూడొచ్చు గానీ బాక్సులు పనిచేయని ట్రాక్టరు రోడ్డెక్కదు.

ఆ ట్రాక్టరు పాటల డబ్బాకున్న లోపం ఒక్కటే, పాటలను వరస మార్చి కలగలిపేస్తుంది. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశాక వెలువడిన ఆయన భగవద్గీత రికార్డు తెలుగు దేశంలో అంతిమయాత్రలకు స్థిరపడిపోయిన సంగతి తెలిసిందే. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించిన రోజులవి. కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీలు వేసుకెళ్తున్న ట్రాక్టరులో ఐటమ్ పాట ముగిసి గీత మొదలైంది. అరుగు మీద కూర్చున్న ముసలాయన కండువా సర్దుకుని లేచి, "ఎవరు పోయార్రా?" అని అడిగాడు. డ్రైవరు బండి ఆపకుండానే, "మిర్చి రేటు తాతా!" అన్నాడు. ముసలాయన తలాడించి మళ్లీ కూర్చున్నాడు.

ఇక స్మార్ట్‌ఫోన్. బాబాయికి కొడుకు మంచిదే కొనిచ్చాడు. లోకంలో ఉన్న పాటలన్నీ అందులో ఉన్నాయని చెప్పాడు కూడా. ఉన్న మాట నిజమే, వినే మార్గమే కష్టం. యూట్యూబులో నెలనెలా డబ్బు కట్టనివాళ్లకు తెర ఆర్పగానే పాట ఆగిపోతుంది. డబ్బు కట్టటం ఆయన సిద్ధాంతానికి విరుద్ధం. అందుకని తెర వెలుగుతూ ఉండగానే ఫోనును చొక్కా జేబులో వేసుకుని పొలం గట్టు మీద నడిచేవారు. జేబు దానంతటది వియ్యంకుడికి ఫోను కలిపింది. అవతల వియ్యంకుడు హలో హలో అని, సంగతి గ్రహించి, ఆగిపోయిన పాటను బాబాయి కూనిరాగంగా అందుకుంటే చరణం మొత్తం ఓపిగ్గా విన్నాడు. పాట అయ్యాక, "బావగారూ, ఇదే సినిమాలోది ఇంకోటి ఉంది, అది కూడా పాడండి" అన్నాడు.

అన్నమయ్య కీర్తన పల్లవికీ చరణానికీ మధ్య బట్టల సబ్బు ప్రకటన వస్తుంది. అది అయ్యేసరికి ఎవరో అమ్మాయి చాలా ప్రేమగా లోను కావాలా అని అడుగుతుంది. ఆ అమ్మాయిని వదిలించుకుంటే మనవడు వచ్చి ఆట ఆడుకుంటానని ఫోను లాక్కుపోతాడు. వాడి దగ్గర్నుంచి పిన్ని సీరియల్ కోసం తీసుకుంటుంది. ఫోను ఆయనదే, బిల్లూ ఆయనదే. పాట మాత్రం ఆ ఇంట్లో అద్దెకున్నవాడిలా అందరూ తప్పుకోమన్నప్పుడల్లా తప్పుకుంటూ ఉంటుంది.

మిరప కోతల్లోనైతే ఇంకో తంటా. తేజ రకం మిరపకాయ కోసిన వేలితో అద్దం తెరను తాకటం సాహసకార్యం. మిరపలోని కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది గానీ నీళ్లకు లొంగదు. ఘాటు వేలి నుంచి తెర మీదికి చేరుతుంది. ఫోను మోగితే తెర మీది నుంచి చెంపకు చేరుతుంది. ఆ చెంప తుడుచుకున్న చెయ్యి కంటికి తగిలితే కాల్ చేసింది ఎవరైనా సరే, ఏడుస్తూనే మాట్లాడాలి. అందుకే కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే ముఠాలు తెలివిగా గట్టు మీద చిన్న స్పీకరు డబ్బా పెట్టుకుంటాయి. కార్డో పెన్‌డ్రైవో అందులో ఉంటుంది. పాట మార్చాలంటే మోచేత్తో మీట నొక్కితే సరి. మీటలున్న పరికరానికి కాలం చెల్లిందన్నవాళ్లు మిరప కోయలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రాత్రి కల్లం కాపలా వేరే లోకం. ఎండబోసిన కాయల పక్కన మంచం, దుప్పటి, కర్ర. కరెంటు ఉండదు. పొద్దుటి నుంచీ వాడిన స్మార్ట్‌ఫోన్ అర్ధరాత్రికి ఎర్రగీత చూపించి చేతులెత్తేస్తుంది. పక్క కల్లంలో కీప్యాడ్ ఫోను ఒక్క ఛార్జింగుతో రెండు మూడు రాత్రులు పాడుతుంది. అందులో కార్డు ఉంటుంది, ఎఫ్ఎం ఉంటుంది, టార్చి కూడా ఉంటుంది. దొంగకు కూడా మనిషి మేలుకుని ఉన్నాడని తెలుస్తుంది. ఈ చివరి సౌకర్యం ఏ కంపెనీ పెట్టె మీదా రాసి ఉండదు.

ఇదంతా బీదవాళ్ల వ్యవహారం, అసలైన సంగీత పరికరాల సంగతి వేరు అనేవాళ్లున్నారు. వాళ్లూ ఒట్టి గొప్పలేం పోవటం లేదు. 2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టే చోటు తీసేసింది, తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. బ్లూటూత్‌లో పాట సాధారణంగా కుదించుకుని గానీ ప్రయాణం చేయదు. మంచి రికార్డింగు, మంచి హెడ్‌ఫోను, నిశ్శబ్దమైన గది ఉన్నవాడికి ప్రత్యేక ప్లేయరులో తేడా తెలుస్తుంది. సోనీ ఇప్పటికీ వాక్‌మన్ పేరుతో వీటిని చేస్తోంది. 2023లో ఎన్‌డబ్ల్యూ-జెడ్‌ఎక్స్707 అనే దాన్ని మన దేశంలో 69,990 రూపాయలకు దించింది. తమాషా ఏమిటంటే, అందులోనూ ఆండ్రాయిడ్ ఉంది, వైఫై ఉంది. ఫోను గోల పడలేక పారిపోయినవాడికి మళ్లీ ఫోనే ఎదురొస్తుంది, మాట్లాడటానికి మాత్రం పనికిరాదు.

అంతకు ముందటేడు అదే కంపెనీ ఇంకోటి తెచ్చింది. రాగి దిమ్మెకు బంగారు పూత పూసి చేసిన వాక్‌మన్ అది, బరువు దాదాపు 490 గ్రాములు. ఈ వ్యాసకర్త ఆ సంగతి బాబాయికి చెప్పి చూశాడు. ఆయన మొదటి ప్రశ్న ధ్వని గురించి కాదు. "అరకిలో బంగారు పూతంటున్నావ్, బ్యాంకులో లోనిస్తారా?" అన్నారు. పూతకు ఇవ్వరని చెప్పాక ఆ యంత్రం మీద ఆయనకు ఆసక్తి పోయింది. ఆయన వినే ఘంటసాల పాటలు మోనోలో రికార్డు చేసినవి. వినే చెవులు కొన్ని దశాబ్దాలు ట్రాక్టరు ఇంజను పక్కన గడిపినవి. వయసుతో పాటు పై స్థాయి ధ్వనులు వినపడటం ఎలాగూ తగ్గుతుంది. అంత డబ్బు పోసి కొన్న సన్నని మెరుపులు ఆ చెవుల దాకా వచ్చి, లోపల ఎవరూ లేరనుకుని తిరిగి వెళ్లిపోతాయి.

పెద్దవాళ్ల సంగతి సరిగ్గా పట్టుకున్నది హెచ్‌ఎంవీ రికార్డులకు వారసురాలైన సరిగమ కంపెనీ. 2017లో 5 వేల పాత హిందీ పాటలు ముందే నింపి, పాత రేడియో రూపంలో కార్వాన్ అనే డబ్బాను వదిలింది. తర్వాత తెలుగు పాటలదీ వచ్చింది. ఇంటర్నెట్ అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు, గుండ్రటి మీట తిప్పితే చాలు. గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు అమ్మానాన్నలకు కొనిచ్చే వస్తువుల్లో బీపీ మిషను పక్కన దీనికీ చోటు దొరికింది. బాబాయి ఇంట్లోనూ ఒకటి ఉంది. ఆయనకు ఘంటసాల కావాలి, పిన్నికి సుశీల కావాలి. యుగళగీతం వచ్చినంతసేపే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కొత్తలో దానికి గుడ్డ కప్పి టీవీ పక్కన దాచేవాళ్లు. ఇప్పుడది వంటింటి గట్టు మీద, పోపుల డబ్బా పక్కన ఉంది. వాడుకలో ఉన్న వస్తువుకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

కాబట్టి తీర్పు ఇది. చెవులు పదునుగా ఉండి, జేబు లోతుగా ఉంటే 70 వేల వాక్‌మన్ కొనుక్కోవచ్చు, ఎవరూ కాదనరు. చేతులు పనిలో ఉన్నవాళ్లకు మీటల డబ్బా, కల్లం కాపలాకు కీప్యాడ్ ఫోను, ఇంట్లో పెద్దవాళ్లకు కార్వాన్ లాంటిది. ఇవేవీ కొననక్కర్లేని ఉపాయం కూడా ఒకటుంది. ప్రతి ఇంట్లో సొరుగులో ఒక పాత స్మార్ట్‌ఫోన్ పడి ఉంటుంది. దానిలోంచి సిమ్ తీసేయండి. వైఫై ఆపేయండి. డబ్బు పెట్టి తీసుకున్న పాటలు ఎక్కించండి. లోను అమ్మాయికి ఆ నంబరు దొరకదు, ప్రకటన రాదు, ఆటలన్నీ తీసేస్తే మనవడికీ దాంతో పనుండదు. డల్లాస్‌లోనో హైదరాబాదులోనో ఉన్న అబ్బాయిలూ అమ్మాయిలూ, ఈ సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఆ ఒక్క పని చేసి వెళ్లండి. ఏ పాటలు కావాలో మాత్రం అమ్మానాన్నలను ఇద్దరినీ విడివిడిగా అడగండి.