మీ పాస్‌వర్డులు పదిమందికీ ఉపయోగపడాలంటే

బ్రౌజరు ‘ఈ పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా?’ అని అడిగిన ప్రతిసారీ చేయమనండి. బ్యాంకుది, పీఎఫ్‌ది, కరెంటు బిల్లుది, పిల్లాడి కాలేజీది, అన్నీ. దాచుకోవడంలో తప్పేం లేదు. దాచినదానికి తాళం వేయడమే పిసినారితనం. మనింటి కంప్యూటరు దగ్గరికి ఎంతమంది వస్తారు! హాల్‌టికెట్ ప్రింటు తీసుకోవడానికి పక్క ఫ్లాటు కుర్రాడు, రైలు టికెట్లు చూసుకోవడానికి మేనత్త కొడుకు, ‘బాగా స్లో అయిపోయింది, ఓసారి చూడు బాబూ’ అంటే బ్యాగు తగిలించుకుని వచ్చే రిపేరు అబ్బాయి. వీళ్లెవరూ నోరు తెరిచి అడగాల్సిన అవసరం లేకుండా ఏం చేయాలో చెబుతాను, రాసుకోండి.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు ఒక్క గడికి దూరంగా ఉంటే చాలు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ నొక్కి కిందికి జరిపితే ‘యూజ్ ఎ ప్రైమరీ పాస్‌వర్డ్’ అని కనబడుతుంది. 2020 దాకా దీన్నే మాస్టర్ పాస్‌వర్డ్ అనేవాళ్లు. అందులో టిక్కు పెట్టారంటే, సేవ్ చేసినవి ఏవి చూడాలన్నా ముందు ఈ ఒక్క పాస్‌వర్డూ చెప్పమంటుంది. టిక్కు లేకపోతే ఎంత సుఖమో చూడండి. మీ పాస్‌వర్డులన్నీ లాగిన్స్ డాట్ జేసన్ అనే ఫైల్లో అర్థంకాని అక్షరాలుగా ఉంటాయి. వాటిని విప్పే తాళంచెవి కీ4 డాట్ డీబీ అనే ఫైల్లో ఉంటుంది. అదెక్కడుంటుంది? అదే ఫోల్డర్లో, పక్కనే. రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ఇంకో ఫైర్‌ఫాక్స్‌కి అప్పగిస్తే చాలు, రిపేరు అబ్బాయి రాత్రి భోంచేశాక తీరిగ్గా అన్నీ చదువుకోవచ్చు.

క్రోమ్‌లో ఈ గడి గొడవే లేదు. విండోస్‌లోకి మీ పేరుతో వచ్చినవాడు మీరేనని దాని నమ్మకం. దీనిమీద 2013లో రచ్చయినప్పుడు, క్రోమ్ భద్రత చూసే జస్టిన్ షూ, మాస్టర్ పాస్‌వర్డ్ పెడితే జనానికి లేనిపోని ధీమా వస్తుందన్నాడు. ఆ సగం మాత్రం పట్టుకోండి. అసలు గోడ విండోస్ అకౌంటేనని ఆయన చెప్పిన రెండో సగం మనకెందుకు? ఇప్పుడు పాస్‌వర్డ్ పక్కన కన్ను బొమ్మ నొక్కితే క్రోమ్ కూడా విండోస్ పాస్‌వర్డ్ అడుగుతోంది కాబట్టి, విండోస్‌కి అసలు పాస్‌వర్డే పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే పసుపు చీటీ మీద రాసి మానిటరు అంచుకి అంటించండి.

ఇంట్లో సాఫ్ట్‌వేరు కోడలుంటే మాత్రం కొంచెం కష్టం. ‘మామయ్యగారూ, ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోండి’ అని పోరుతుంది. సరేనని 123456 పెట్టేయండి. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటికొస్తే, అందులో 2,90,731 మంది ఇదే పెట్టుకున్నారు. అంతమంది మెచ్చింది మీకు చేదా? ‘అలా కాదండీ, పొట్లకాయ, రిజిస్ట్రారు, స్టెప్నీ, గోదారి... ఇలా పొంతన లేని నాలుగైదు మాటలు కలిపితే ఊహించడం కష్టం, మీకూ గుర్తుంటుంది’ అంటుంది. అన్ని మాటలు టైపు చేసే ఓపికే ఉంటే మనం ఈ వయసులో ఇలా ఎందుకుంటాం!

అప్‌డేట్ జోలికి పోకండి. మీరు పెట్టిన ప్రైమరీ పాస్‌వర్డ్‌ని ఎస్‌హెచ్ఏ-1 అనే లెక్కలో ఒకే ఒక్కసారి తిప్పి ఫైర్‌ఫాక్స్ తాళంచెవి తయారుచేస్తోందని, యాడ్‌బ్లాక్ ప్లస్ సృష్టించిన వ్లాదిమిర్ పలాంట్ 2018లో రాశాడు. పిల్లలు గేములాడుకునే గ్రాఫిక్స్ కార్డు అలాంటి లెక్కలు సెకనుకి వందల కోట్లు చేసేస్తుంది. ఈ లోపం మీద ఫిర్యాదు అప్పటికే తొమ్మిదేళ్లుగా మొజిల్లా దగ్గర నానుతోంది. అంత పెద్దవాళ్లే నిదానంగా ఉంటే మనకేం తొందర? ఆ తర్వాత వాళ్లు పదివేలసార్లు తిప్పడం మొదలెట్టారు. పాపం, ఊహించేవాడి చాకిరీ అన్ని రెట్లు పెరిగింది. పాత వెర్షన్ ఎక్కడైనా మిగిలుంటే కళ్లకద్దుకుని వాడుకోండి.

ఇంకో వెసులుబాటుంది. ప్రైమరీ పాస్‌వర్డ్ ఒకసారి కొట్టారంటే, ఫైర్‌ఫాక్స్ మూసేదాకా మళ్లీ అడగదు. కాబట్టి దసరాకి తెరిచి సంక్రాంతికి మూయండి.

కోడలి మాట కాదనలేక గట్టిదే పెట్టారనుకోండి, ఎక్కడా రాసుకోకండి, ఎవరికీ చెప్పకండి, పది రోజుల్లో మర్చిపోండి. దాన్ని చెప్పేవాళ్లు మొజిల్లాలో కూడా లేరు. రీసెట్ నొక్కడమే దారి, నొక్కితే సేవ్ చేసినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఇక ఒక్కో సైటుకీ వెళ్లి ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కుకుంటూ కూర్చోవాలి. ఆ ఓటీపీలు వెళ్లే నంబరు, రీఛార్జి చేయక ఎప్పుడో పోగొట్టుకున్న పాత సిమ్‌దే అయ్యేలా మాత్రం ముందే చూసుకోండి.