కాలవలో వదిలెయ్యమన్న కార్యాలయానికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ, ఏ శాఖ వారో ఇంకా తేలని అధికారి గారి దివ్యసముఖమునకు,

తాడేపల్లిగూడెం నుంచి తాబేలు గల ఒక గృహస్థు నమస్కరించి చేసుకొను విన్నపం. తమరు క్షేమమని తలుస్తాను. మా తాబేలు క్షేమంగా లేదు. కళ్లు వాచాయి, రెప్పలు అంటుకుపోయాయి, ఎదురుగా మేత వేసినా కనబడక గాజుతొట్టె మూలకి ముక్కు ఆనించి కూర్చుంది. కొన్న షాపులో అడిగితే కుర్రాడు "పళ్లు పెట్టండి సార్, బలం" అన్నాడు. ఏ పండు నాయనా అంటే "ఏదైనా" అన్నాడు. ఏ పండు, ఎంత ముక్క, తొక్కతోనా తొక్క తీసా అన్న ప్రశ్న పట్టుకుని తమ కార్యాలయానికి వచ్చాను. కిటికీ అవతలి పెద్దమనిషి ఫోనులోంచి తలెత్తకుండా సెలవిచ్చారు: "తాబేలుకి పళ్లేంటండీ బాబూ? గొడవెందుకు, ఏలూరు కాలవలో వదిలెయ్యండి."

తమ అమూల్యమైన సలహాకి కృతజ్ఞుణ్ణి. కానీ ఇక ఈ మర్యాదలు నా వల్ల కాదు. కాలవలో వదిలెయ్యడమేంటండీ? అది మన చెరువు తాబేలు కాదు. చెవి దగ్గర ఎర్ర చార ఉన్న రెడ్ ఇయర్డ్ స్లైడర్. దాని పుట్టిల్లు అమెరికాలో మిసిసిపీ నది. ఎక్కడ వదిలితే అక్కడి తాబేళ్ల కూడూ గూడూ లాక్కుంటుందని, ప్రపంచంలోకెల్లా చెడ్డ 100 చొరబాటు జీవుల జాబితాలో దాన్నీ చేర్చారు. 2018లో త్రిశ్శూరు దగ్గర ఇది బయట తిరుగుతూ కనబడితే కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు ఉలిక్కిపడ్డారు. ఇక్కడ మీ కిటికీలోంచి ఉచితంగా సరఫరా చేయిస్తున్నారు! కాలవ నీళ్లు పొలాల్లో పారి, డ్రెయిన్లలో పడి, ఆఖరికి కొల్లేరు చేరతాయని ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పలేదా? 1999లో అభయారణ్యమని 308 చదరపు కిలోమీటర్లకు హద్దులు గీశారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించారు, 2006లో బాంబులు పెట్టి మరీ చేపల చెరువుల గట్లు కొట్టారు. ఇంత ఆర్భాటం చేసింది మా తొట్టెలో తాబేలును అందులోకి పంపడానికా?

మీ దగ్గరికొచ్చే ముందు వేరే కిటికీలూ చూశానండి. ఒకచోట "గేదా, మేకా, కోడా?" అన్నారు. ఇంకోచోట "మనదైతే కేసు పెడతాం గానీ పరాయిదానికి మేమేం చేస్తాం" అన్నారు. మరోచోట "చేప కాదు కదండీ" అన్నారు. చేప కాదని నాకూ తెలుసు. మన చెరువు తాబేలు చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, ఇంట్లో పెట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్లు జైలు. మంచిదే, ఉండాలి. గోతాల్లో కుక్కి ఒడిశా వైపు తోలుకుపోతూ పట్టుబడే తాబేళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం కదా. మనదాన్ని ముడితే జైలు, పరాయిదాన్ని కొంటే బిల్లు! ఆ బిల్లు వెనక దాని తిండి గురించి నాలుగు ముక్కలు అచ్చెయ్యమని షాపుల వాళ్లకి చెప్పడానికి ఏ శాఖకీ అధికారం లేదా?

పోనీ, మీరు చెప్పాల్సినవి నేనే చెబుతాను, రాసుకోండి. షాపుల్లో అంటగట్టే ఎండురొయ్యల డబ్బా ఒక్కటే తిని పెరిగితే విటమిన్ ఏ చాలక ఇలాగే కళ్లు వాస్తాయి. వాచిన కళ్లు పండుతో తగ్గవు, వైద్యం కావాలి. పండు దానికి చిరుతిండి మాత్రమే. చిన్నప్పుడు ఎక్కువగా పురుగూ పుట్రా తింటుంది, ఎదిగేకొద్దీ ఆకుల మీదకి మళ్లుతుంది. పండంటారా, ఎప్పుడైనా ఓ చిన్న ముక్క. బొప్పాయి మంచిది. తొక్క తీసి, గింజ లేకుండా, బొటనవేలి గోరంత కోసి నీళ్లలోనే వెయ్యాలి, నీళ్లలో తప్ప అది మింగలేదు. మెడ మొత్తం సాచి ఒక్క పట్టు పడుతుంది. మింగుడు పడనంత ముక్కయితే ముందుకాళ్ల గోళ్లతో అటొకటి ఇటొకటి చీరేస్తుంది, నారింజ రంగు పీచు తొట్టెంతా తేలుతుంది. మిగిలింది వెంటనే తీసెయ్యకపోతే నీళ్లు కుళ్లుతాయి.

ఇంటికొచ్చిన చుట్టాలందరూ దానికి నైవేద్యం పెట్టేవాళ్లే. మా పిన్ని చక్రకేళి తెచ్చింది. అరటిపండులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ పిన్నీ, అదే పనిగా పెడితే డిప్ప మెత్తబడుతుంది అంటే "మనుషులకి లేని రోగాలు చెబుతున్నావురా" అంది. బావగారు బత్తాయి తొనలు తెచ్చారు, పులుపు దానికి పడదు. ఆపిల్ గింజల్లో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంది, గింజలు తీసి పెట్టాలి. అవకాడో అసలు చూపించకూడదు, అదృష్టవశాత్తూ మా చుట్టాల్లో ఇంకా ఎవరికీ ఆ అలవాటు కాలేదు. "శ్రీకూర్మం గుళ్లో ఆకులు పెడతారుగా, ఇదీ తింటుందిలే" అన్నారొకరు. అక్కడివి నక్షత్ర తాబేళ్లు, మెట్ట మీద గడ్డీ ఆకూ మేసేవి. వాటికి పళ్లు పెడితే కడుపు చెడుతుంది. మాది నీళ్లలోది. ఈ తేడా ఎవరు చెప్పాలండీ, మా పిన్నా?

ఇది ఆక్వా దేశం. వనామీ రొయ్యకి ఏ వయసులో ఏ నంబరు మేత వెయ్యాలో ఇక్కడ చెరువుగట్టు మీద కాపలా కుర్రాడు చెబుతాడు. పండు గురించి అడగాలంటే పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. ఇన్ని ఉండి, రూపాయి బిళ్లంత తాబేలు పిల్లల్ని పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుగా పంచుతుంటే అడిగే నాథుడు లేడు. అది పళ్లెమంత అవుతుందనీ 30 ఏళ్లు బతకగలదనీ చెప్పేవాళ్లూ లేరు. నాలుగంగుళాల లోపు తాబేలు అమ్మడాన్ని అమెరికాలో 1975లోనే ఆపేశారు, పిల్లలు నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా తెచ్చుకుంటున్నారని. ఇక్కడ అదే తాబేలు పిల్లని రంగురాళ్లతో సహా అమ్ముతారు, అది ఆ రాళ్లు కూడా మింగుతుంది.

అయ్యా, కోపంలో ఏదో అన్నాను. ఒక్క కాగితం వేయించండి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఏ పండు పెట్టొచ్చో ఏది పెట్టకూడదో, పెంచలేకపోతే కాలవలో కాకుండా ఎక్కడ అప్పగించాలో. షాపు అద్దం మీద అంటిస్తే చాలు, అచ్చు ఖర్చు నేనే పెట్టుకుంటాను. ఈలోపు వాచిన తాబేలు కళ్లు చూడగల డాక్టరు గారు ఏలూరులో ఉన్నా, భీమవరంలో ఉన్నా, విజయవాడలో ఉన్నా ఆ పేరు చెప్పండి. బస్సులో బేసిన్ ఒళ్లో పెట్టుకుని వస్తాను, కిటికీ దగ్గర ఎంతసేపైనా నుంచుంటాను. ఆ పెద్దమనిషి ఫోను చూసుకున్నా ఏమీ అనను, కాలవ మాట మాత్రం ఎత్తొద్దని చెప్పండి.

ఇట్లు
తమ విధేయుడు