దండం దశగుణం, పైపు శతగుణం

ఊడని బోల్టంటూ ఈ లోకంలో లేదట. చాలినంత పొడుగు పైపు దొరక్కపోవడమే ఉందట. కొంటాలో బస్సు దిగి సుక్మా వైపు నడిచినా, చింతూరు వైపు నడిచినా, బండ్లు బాగుచేసే ఏ షెడ్డు ముందు నిలబడినా ఈ సిద్ధాంతం చెవిన పడుతుంది. తెలుగులో పడుతుంది, హిందీలో పడుతుంది, కోయలోనూ పడుతుంది. మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది, నాలుగోదీ ఎంతో దూరం లేదు. షెడ్డు ముందు ఆగిన బండ్ల మీద సీజీ, ఏపీ, టీజీ, ఓడీ నంబర్లన్నీ కనిపిస్తాయి. పోలవరం ముంపు మీద ఈ రాష్ట్రాలకు ఏకాభిప్రాయం ఎప్పుడు కుదురుతుందో తెలియదు గానీ, తుప్పు పట్టిన బోల్టు విషయంలో ఎప్పుడో కుదిరిపోయింది. "పైపు తేరా!"

ఈ సిద్ధాంతానికి మూలపురుషుడు ఆర్కిమెడిస్ అనుకోవాలి. నిలబడటానికి చోటిస్తే భూమినే కదిలిస్తానన్నాడట పెద్దమనిషి. ఆయన అదృష్టం బాగుండి, భూమిని ఎవరూ ఆరు మిల్లీమీటర్ల బోల్టుతో బిగించలేదు. మన పాత బండి ఇంజను కవర్లను పట్టుకుని ఉండేవి చాలావరకు అవే, పది నంబరు పానా పట్టేవి. వాటిని బిగించడానికి కంపెనీవాళ్లు చెప్పే బలం సుమారు 10 న్యూటన్ మీటర్లు. మీటరు కర్ర చివర కిలో పంచదార పొట్లం వేలాడదీస్తే ఎంత బరువు పడుతుందో అంతే. పది నంబరు పానాను జానెడు కంటే పొట్టిగా చేసింది ఇనుము మిగుల్చుకుందామని కాదు, మనిషి ఎంత ఆవేశపడినా బోల్టు మెడ తెగకూడదని. దానికి మీటరు నీళ్ల పైపు తొడిగితే బలం ఏడెనిమిది రెట్లవుతుంది. బోల్టు మాత్రం బిగించిన బలానికి రెట్టింపు పడేసరికే ప్రాణం వదిలేస్తుంది. మిగతా ఆరు రెట్లూ చుట్టూ చేరి చూసేవాళ్ల వినోదానికి.

ఊళ్లో ఈ వినోదానికి కరువు లేకుండా చూసే బాధ్యత శబరి ఏరు తీసుకుంది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత నీరు రావడం అదే. గోదావరి అలా నిండినప్పుడు కూనవరం దగ్గర కలవాల్సిన శబరికి పోయే దారి ఉండదు. వెనక్కి తంతుంది. ఇళ్లలోకి, కొట్లలోకి, జాతీయ రహదారి మీదికి వచ్చేస్తుంది. అలాంటప్పుడు ముందు పిల్లల్ని, ముసలివాళ్లని, మేకల్ని, బియ్యం మూటల్ని మెరక మీదికి చేరుస్తారు. బండి వంతు వచ్చేసరికి హ్యాండిలు ఒక్కటే నీళ్లపైన ఉంటుంది.

వరద తీశాక బండిని బయటికి లాగి కడుగుతారు. ఆయిలు మారుస్తారు, ప్లగ్గు మారుస్తారు. నాలుగు కిక్కులకు స్టార్టయితే కొబ్బరికాయ కొడతారు. అక్కడితో ఆ బండి వరద చరిత్ర ముగిసిందని అందరూ అనుకుంటారు. మరల సందుల్లోకి ఒండ్రు దిగి, తడి పట్టుకుని కూర్చుందని బోల్టుకు తప్ప ఎవరికీ తెలియదు. అది కూడా తొందరపడి చెప్పదు. రెండేళ్లో మూడేళ్లో ఆగి, ఎర్రబోరు నుంచో కిష్టారం నుంచో బండి మీద సంతకు వచ్చినవాడు చైను మార్పించుకుందామని షెడ్డు దగ్గర ఆగిన రోజు చెబుతుంది.

తుప్పంటే ఇనుము పైన ఎర్రరంగు అనుకునేవాళ్లకు ఒక మాట. ఇనుము తుప్పుగా మారినప్పుడు తను మొదట ఉన్న చోటుకు రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. మరకూ మరకూ మధ్య అంత చోటెక్కడిది? అందుకే అటూ ఇటూ నెట్టుకుంటూ సందంతా బిగించేస్తుంది. ఇంజను బాడీ అల్యూమినియం, అందులో దిగిన బోల్టు ఉక్కు. ఈ రెండింటి మధ్య తడి చేరితే బ్యాటరీలో జరిగే పనే జరుగుతుంది, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలి మరల్లో గట్టిపడుతుంది. ఇక ఆ బోల్టు మొండికేస్తుంది. మొండివాడు రాజు కంటే బలవంతుడని మనవాళ్లు ఊరికే అనలేదు. అయినా పైపు పట్టుకున్నవాడు తనే రాజుననుకుంటాడు.

ఈ చర్చలో ఎవరో ఒకరు ఢిల్లీ ఇనుప స్తంభాన్ని లాక్కొస్తారు. "పదహారు వందల ఏళ్ల నుంచి తుప్పు పట్టలేదు, అదీ మన పెద్దల పనితనం" అంటారు. పనితనం నిజమే. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన పల్చటి పొర కట్టి కాపాడింది. అయితే దాని ఆయుష్షుకు ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. ఇన్నేళ్లలో దాన్ని విప్పి సర్వీసింగ్ చేస్తానని ఎవరూ పైపు పట్టుకుని రాలేదు.

పైపుకు ముందు తీర్థప్రసాదాల ఘట్టం ఒకటుంటుంది. డీజిల్ పోస్తారు, కిరసనాయిలు పోస్తారు, బ్రేక్ ఆయిలు పోస్తారు. బ్రేక్ ఆయిలు బోల్టును ఏం చేస్తుందో గానీ, ట్యాంకు రంగును మాత్రం నిమిషాల్లో లేపేస్తుంది. మరీ చదువుకున్నవాళ్లుంటే కూల్‌డ్రింకు తెప్పిస్తారు. నల్లటి కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉందన్నది నిజం, ఆ ఆమ్లం తుప్పును తింటుందన్నదీ నిజం. సీసాలో అది ఉండేది చిటికెడు, మిగతాదంతా నీళ్లూ పంచదారే. సగం సీసా బోల్టుకు పోసి, సగం మేస్త్రి తాగుతాడు. గుణం కనిపించేది మేస్త్రిలోనే. బోల్టు దగ్గరికి చీమలొస్తాయి.

పట్నం నుంచి స్ప్రే డబ్బా తెచ్చుకున్నవాడి దర్జా వేరు. డబ్ల్యూడీ-40 అనే ఆ డబ్బా చరిత్ర వాడికి చెప్పాలి. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో రాకెట్ కెమికల్ కంపెనీ వాళ్లు అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా, నీటిని తోసేసే మందు కోసం వెతికారు. నలభయ్యోసారికి కుదిరింది, ఆ లెక్కే పేరులో ఉండిపోయింది. ముప్పైతొమ్మిది సార్లు ఓర్చుకున్నవాళ్లు చేసిన మందును మనవాడు బోల్టు మీద సుయ్‌మని కొట్టి, ముప్పైతొమ్మిది సెకన్లు కూడా ఆగకుండా సుత్తి అందుకుంటాడు. నూనె మరల్లోకి ఇంకడానికి ఒక రాత్రి కావాలి. మధ్యలో రెండుసార్లు మళ్లీ వెయ్యాలి. రాముడి కోసం ఏళ్ల తరబడి పళ్లు పట్టుకుని కూర్చున్న ముసలామె పేరు పెట్టుకున్న ఏటి ఒడ్డున, నూనె వేసి రేప్పొద్దుట రమ్మంటే, "రేపా? ఒక్క బోల్టుకా?" అని ముఖం చిట్లించుకునే జనాన్ని చూస్తే ఆ ఏరు వెనక్కి తన్నడంలో తప్పు కనిపించదు.

సంతవైపు రేకుల షెడ్డులో పాతకాలపు మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయన పని చేస్తుంటే జనం మూగరు, చూడటానికి అందులో ఏమీ ఉండదు. వెనక ఫోర్కు ఇరుసు బోల్టు పట్టేసిన బండి ఒకటి వచ్చింది. ముందు ఇనుప బ్రష్షుతో మరల చివర గీకి మట్టి దులిపాడు. నూనె వేశాడు, తలకాయ మీద చిన్న సుత్తితో టకటకమని కాసేపు కొట్టాడు. ఊడగొట్టేంత గట్టిగా కొట్టలేదు, నూనె దిగేంత అదురు పుట్టించాడు. బండిని అలా వదిలేసి వేరే పనికి పోయాడు. మర్నాడు రింగు పానా పెట్టి, విప్పాల్సిన బోల్టును ముందు బిగించే వైపు తిప్పాడు. పక్కన నిలబడ్డ కుర్రాడు కిసుక్కుమన్నాడు. వెంట్రుకవాసి కదిలితే చాలు, తుప్పు పట్టు విడుతుంది. తర్వాత పావు తిప్పు విప్పు, అర పావు బిగించు, మళ్లీ నూనె.

పానా పట్టినప్పుడు ఆయన చూపు బోల్టు మీద ఉండదు, ఎటో ఉంటుంది. చెయ్యే చూస్తుంది. కిర్రుమని శబ్దం వస్తే మంచిదే, మర కదులుతోందని లెక్క. శబ్దం లేకుండా పానా మెత్తగా, రబ్బరులా సాగుతూ వస్తే అక్కడ ఆగాలి. బోల్టు ఊడటం లేదు, మెలిపడుతోంది. ఇంకొక్క పట్టు పడితే తల చేతికొస్తుంది, మొండెం లోపల ఉంటుంది. పైపు వేసినవాడికి ఈ కబురు అందదు. మీటరు దూరంలో నిలబడి, రెండు చేతులతో లాగుతూ, పళ్లు బిగబట్టినవాడికి ఏం తెలుస్తుంది? ఠప్పుమన్నాకే తెలుస్తుంది.

అల్యూమినియంలో దిగిన బోల్టయితే ఆయన ట్యాంకు తీసి దూరంగా పెట్టించి, బోల్టు చుట్టూ ఉన్న బాడీకి సెగ చూపిస్తాడు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, పట్టు దానంతటదే వదులవుతుంది. ఈ సంగతి బడి పుస్తకంలో ఆ పాఠం చదివినవాళ్లందరికీ తెలుసు. ట్యాంకు తియ్యకుండా సెగ చూపించేవాళ్లకు అది కూడా అక్కర్లేదు, వాళ్లకు బోల్టుతో పాటు బండి, షెడ్డు, కనుబొమ్మలు అన్నీ ఒకేసారి వదులవుతాయి.

సరే, తల తెగింది. అసలు పండగ ఇప్పుడు మొదలవుతుంది. డ్రిల్లు తెస్తారు. మొండెం నట్టనడుమ పెట్టాల్సిన డ్రిల్లు పక్కకు జారి మెత్తటి అల్యూమినియంలోకి దిగుతుంది. ఆ బెజ్జంలో మొండెం లాగే ఎక్స్‌ట్రాక్టర్ దిగ్గొడతారు. అది గట్టి ఉక్కు, గాజులా పుటుక్కుమంటుంది, అదీ లోపలే ఉండిపోతుంది. దాన్ని తియ్యడానికి డ్రిల్లు చాలదు. వెల్డింగు షాపుకు బండి తోసుకెళ్లడం, అక్కడ కరెంటు వచ్చేదాకా ఆగడం, బెజ్జం పెద్దది చేసి బుష్షు కొట్టించడం, కొత్త మర కోయించడం. మొత్తం మూడు రోజులు, నలుగురు మనుషులు, చేతికందినన్ని వందల రూపాయలు. ఇంత అయ్యాక బండి యజమాని తృప్తిగా అందరికీ చెప్పుకుంటాడు. "అబ్బో, చాలా పెద్ద పని పడింది. మావాడు గట్టోడు కాబట్టి సరిపోయింది." గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినవాడికి గొడ్డలి అద్దె కూడా మనమే ఇచ్చి, భలే నరికావని మెచ్చుకుంటాం. ఇందులో మేస్త్రుల్ని మాత్రమే ఆడిపోసుకోవడం అన్యాయం. చప్పుడయితేనే పని జరిగినట్టు నమ్మే గిరాకీ ఉన్నంతకాలం సుత్తి చప్పుడు చేస్తూనే ఉంటుంది.

పైపు పురాణంలో ఉపకథలు కూడా ఉన్నాయి. మద్రాసులో తయారైన మన బుల్లెట్టు సంగతే చూడండి. పాతవాటిలో బ్రిటిష్ కొలతల నట్లు బోలెడు. విట్‌వర్త్ అనే ఆయన 1841లోనే మరలకు ఒక కొలత ఉండాలని ప్రతిపాదించాడు. మనం ఆ నట్లకు మిల్లీమీటర్ల పానా పెట్టి, అది వదులైతే సందులో స్క్రూడ్రైవర్ మొన దూర్చి, చివరికి స్క్రూ స్పానర్‌తో ఆరు పలకలనూ గుండ్రం చేసి, "ఇది మొదటి నుంచీ ఇలాగే ఉంది" అంటాం. యమహా ఆర్‌ఎక్స్ 100 కవర్లకు స్టార్ స్క్రూలుంటాయి. జపాను వాళ్ల స్టార్ గాడి వేరు, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ అందులో సరిగ్గా కూర్చోక పైకి ఎగదన్ని గాడిని నమిలేస్తుంది. వెనక సుత్తితో కొడితే మొన తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ అని ఒకటుంది, ఒక్క దెబ్బకు వదిలిస్తుంది. సుత్తికి నిజంగా పనున్న చోటు అదే. అక్కడ మాత్రం మనవాళ్లు సుత్తి ముట్టరు, మణికట్టు బలం చూపిస్తారు. ఇక యమహాల్లో కుడివైపు అద్దానికి మర ఎదురు తిరుగుడు. విప్పుతున్నాననుకుని బిగిస్తూ, ఊడటం లేదని పైపు తొడిగి, అద్దాన్ని బ్రాకెట్టుతో సహా పీకి చేతిలో పెట్టిన మహానుభావులున్నారు.

రేకుల షెడ్డు దగ్గర ఇరుసు బోల్టు చివరికి బయటికొచ్చింది. దానికి ఆయన తుప్పంతా గీకేసి, బుష్షుల్లో, మర మీద గ్రీజు పూస్తున్నాడు. బండాయన వాచీ చూసుకున్నాడు.

"ఇదెందుకన్నా ఇప్పుడు? మళ్లీ విప్పేదుందా ఏంటి?"

"ఏరు మళ్లీ రాదంటావా తమ్ముడూ?"

బండాయన దానికి బదులు చెప్పలేదు. బిగింపు అయ్యాక ఎంతయిందని అడిగాడు. మేస్త్రి చెప్పిన అంకె విని జేబులో పెట్టిన చెయ్యి అక్కడే ఆపేశాడు.

"అదేంటన్నా! నువ్వు కొట్టింది లేదు, కోసింది లేదు. దానంతటదే వచ్చేసింది. దానికి ఇంత డబ్బా?"

"సరేలే," అన్నాడాయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఈసారొస్తే విరగ్గొట్టి ఇస్తా. అప్పుడు రెండింతలు తీసుకుంటా, నువ్వూ సంతోషంగా ఇద్దువు."