అయ్యా, మా పేరు మీ గడిలో పట్టడం లేదు

ఆన్‌లైన్ దరఖాస్తులకు గళ్ళు గీసే అధికారి గారికి,

ఎమ్మిగనూరు నుంచి రాస్తున్నాను. తమరు కొత్తగా ముస్తాబు చేసిన దరఖాస్తు పేజీ చూడముచ్చటగా ఉంది. గళ్ళ మూలలు గుండ్రంగా తిరిగాయి, అంచులకు లేతనీలం పూశారు. ‘పూర్తి పేరు’ అన్న మాటను గడి లోపలే బూడిద రంగులో, కనపడీ కనపడనట్టు పెట్టారు. మొదటి అక్షరం కొట్టగానే ఆ మాట మాయం. ఆరో గడికి వచ్చేసరికి పైన నింపింది ఆధార్‌లో ఉన్న పేరా, బ్యాంకు పుస్తకంలో ఉన్న పేరా, తండ్రి పేరా అని అనుమానం వస్తే, రాసిందంతా చెరిపితే గానీ తెలియదు. ప్రశ్నపత్రం లాగేసుకుని జవాబులు సరిచూసుకోమనే పరీక్ష ఎక్కడైనా ఉందా? లోపల పెట్టే ఆ బూడిద మాట గడి పేరుకు బదులు కాకూడదని వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే చెబుతోంది. గళ్ళు గీసేవారు అది చదవరా?

గడి తీరును బట్టే మనిషి అందులో ఏం రాయాలో గ్రహిస్తాడు. 1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వేలంకర్ చలవతో పిన్ కోడ్ వచ్చింది. తపాలా శాఖ కవర్ల మీద ఆరు గళ్ళు అచ్చువేసింది. ఆరు అంకెలే రాయాలని ఇంటింటికీ తిరిగి చెప్పే పని లేకుండా ఆ గళ్ళే చెప్పాయి. మీ పేజీలో 518360 అనే ఆరంకెలకు బారెడు గడి, ఇంటిపేరుతో సహా మనిషి పేరుకు జానెడు గడి. పన్నా చూసుకోకుండా మగ్గానికి పడుగు ఎక్కించే నేతగాడు ఈ ఊళ్ళో దొరకడు. వెడల్పు ఎంతో మీరు చెప్పకపోతే బ్రౌజరు తనంతట తాను 20 అక్షరాల మేర గడి గీస్తుంది. ఆ లెక్క తెలుగుకు సరిపోదు. ఇక అక్షరాల హద్దు మరో చిక్కు. ‘ఎమ్మిగనూరు’ మన కంటికి 5 అక్షరాలు. గుణింతాన్నీ పొల్లునీ విడివిడిగా లెక్కపెట్టే యంత్రానికి 10. ఇరవై దాటొద్దని మీరు హద్దు పెట్టారు కనుక రెండు ఎమ్మిగనూర్లకే గడి నిండిపోతుంది. ఆపైన ఎంత కొట్టినా అక్షరం పడదు, ఎందుకు పడలేదో చెప్పే దిక్కూ ఉండదు.

ఇక ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని పక్కపక్కనే ఇరికించిన జంట గళ్ళు. 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన మాచాని సోమప్ప గారు ఈరోజు మీ దరఖాస్తు నింపాల్సి వస్తే ‘మాచాని’ని ఎక్కడ పెట్టాలి? మనకు ఇంటిపేరే ముందు. చివర వచ్చేది సోమప్ప. మీ యంత్రం ఆశించేది తలకిందులు. ‘ఇంటిపేరు’ అనే మాట తెలుగులో ఉండగా ‘చివరి పేరు’ దేనికి? పైగా ఊరి గడి ముందు, రాష్ట్రం గడి తర్వాత! రాష్ట్ర సరిహద్దుకు అటు బళ్ళారి జిల్లాలోనూ ఒక ఎమ్మిగనూరు ఉందని మీ ఊళ్ళ జాబితాకు తెలియదా? ఇంగ్లీషులో మా ఊరిని ‘వై’తోనూ రాస్తారు, ‘ఈ’తోనూ రాస్తారు. ఏ అక్షరం కింద వెతకాలో దేవుడికే ఎరుక.

మీరేమంటారో తెలుసు. ఫోన్ తెర చిన్నది, చోటు లేదంటారు. తెర ఇరుకు అడ్డంగానే. కిందికి ఎంతైనా జరుపుకోవచ్చు, బొటనవేలికి ఖర్చేం లేదు. గడి పేరు గడి పైనే ఉంటే ఒక్క చూపులో రెండూ అందుతాయని 2006లోనే మత్తెయో పెంజో అనే ఆయన కంటి చూపుల కదలికలు కొలిచి చూపించాడు. డేటాబేసులో అంతే చోటుందంటారు. దాచే చోటు వేరు, చూపే చోటు వేరు. నిజంగా హద్దే ఉంటే ఇంకా ఎన్ని అక్షరాలు పడతాయో గడి కిందే చూపించండి. నింపడం రానివాళ్ళు వార్డు కార్యాలయానికి వెళ్తే అక్కడి ఉద్యోగి నింపుతారంటారు. ఆయన ముందున్నదీ ఇదే గడి. బల్లకు ఇటువైపు కూర్చున్న దరఖాస్తుదారుకు అదీ కనపడదు. పేరు తెగిందని తెలిసేది ఆధార్‌తో సరిపోలక దరఖాస్తు వెనక్కి వచ్చినప్పుడే. అప్పుడు తప్పెవరిదంటే, నింపినవాడిదని అంటారు.

అయ్యా, వెటకారం చాలు. గుండ్రని మూలలు ఉంచుకోండి, లేతనీలమూ ఉంచుకోండి. గడి పేరు గడి పైన, అక్షరాలు కొట్టిన తర్వాత కూడా కనపడేలా ఉంచండి. మనిషి పేరు మొత్తం ఒకేసారి కళ్ళబడేంత వెడల్పు ఇవ్వండి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు, ఒక పూట పని. దయచేసి ఆ ఒక్క పూట మాకు కేటాయించండి.

ఇట్లు,
మీరు పెట్టిన 20 హద్దుకు లోబడి,
ఎమ్మిగనూరు దరఖాస్తుద