ఫోర్ షేరింగ్, ఒక ప్లగ్గు

ఇంజనీరింగ్ సీటుకు ఒక పద్ధతంటూ ఉంది. ర్యాంకు చూస్తారు, నిరుటి కటాఫ్ చూస్తారు, రాత్రంతా కూర్చుని వెబ్ ఆప్షన్లు పెడతారు. హాస్టల్ సీటుకు ఇవేవీ అక్కర్లేదు. ఒక కారు, అందులో అయిదుగురు చాలు. ముందు సీట్లో నాన్న, ఆయన పక్కన హైదరాబాదంతా తనకు కొట్టినపిండి అనుకునే బాబాయి. వెనక అమ్మ, పిన్ని. వాళ్లిద్దరికీ పోగా మిగిలిన అరసీట్లో, ఒళ్లో టిఫిన్ క్యారేజీ పెట్టుకుని, ఆ గదిలో నాలుగేళ్లు ఉండబోయేవాడు. హాస్టల్ ముందు నలుగురు దిగుతారు. వాడు దిగడు. పార్కింగు దొరక్క రోడ్డు మీదే ఆపారు కాబట్టి కారు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా.

1989 నుంచి ఈ దేశంలో పద్దెనిమిదేళ్లకే ఓటు. రాష్ట్రాన్ని ఎవరు ఏలాలో చెప్పగల వయసు వచ్చిందన్నమాట. కిటికీ పక్క మంచం కావాలో తలుపు పక్క మంచం కావాలో చెప్పే వయసు ఇంకా రాలేదు.

ఈ సంగతి హాస్టల్ యజమానులు ఎప్పుడో కనిపెట్టారు. అందుకే ఒకే భవనాన్ని రెండు రకాలుగా అమ్ముతారు. పిల్లాడి ఫోన్లోకి వచ్చే రీల్‌లో అది రిసార్టు: జిమ్ము, వైఫై, డాబా మీద రంగుల లైట్లు, గిటారు వాయిస్తున్న ఒక సీనియర్. తండ్రి చేతిలో పెట్టే కరపత్రంలో అదే భవనం చర్లపల్లి జైలు: అంతస్తుకో సీసీ కెమెరా, వేలిముద్ర హాజరు, రాత్రి స్టడీ అవర్, తల్లిదండ్రులకు ఫోన్ చేయనిదే అవుట్‌పాస్ లేదు. పోల్చినందుకు చర్లపల్లి వాళ్లు నొచ్చుకోవచ్చు. అక్కడ ఆరుబయలు జైలు కూడా ఉంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

పిల్లాడికి ఇదేమీ కొత్త కాదు లెండి. కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు ఇంటర్ చదివి వచ్చినవాడు. నెలకోసారి అవుటింగు, ఆదివారం అయిదు నిమిషాల ఫోను. వాడి లెక్కలో బీటెక్ హాస్టల్ అంటే పెరోల్.

మేనేజర్ చూపించే గది మొదటి అంతస్తులో ఉంటుంది. ఉతికిన దుప్పటి, మడత నలగని దిండు గలీబు, టేబుల్ మీద ప్లాస్టిక్ పూలు. కిటికీ తెరిస్తే గాలి కూడా వస్తుంది. అమ్మ పరుపు నొక్కి చూస్తుంది. నాన్న ఫ్యాను వేసి చూస్తాడు. బాబాయి బాత్రూంలోకి వెళ్లి ఫ్లష్ లాగి, పనిచేసిందని బయటికొచ్చి ప్రకటిస్తాడు. ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ పడుకోలేదు, ఇకముందు కూడా ఎవరూ పడుకోరు. అది చూపించడానికి ఉన్న గది. డబ్బు కట్టాక మనవాడికి దొరికేది నాలుగో అంతస్తు. లిఫ్టు సర్వీసింగులో ఉంది. గదిలో నాలుగు మంచాలు వేశాక మిగిలిన చోట ఒకడు నిలబడితే ముగ్గురు మంచాలెక్కి కూర్చోవాలి. అల్మరా తలుపుకు గడియ ఊడిపోయి, పాతవాడెవడో కట్టిన బూటు లేసు వేలాడుతూ ఉంటుంది. గోడకు ఒకే ప్లగ్గు. దానికి మూడు నోళ్ల అడాప్టరు, అడాప్టరుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు, బాక్సుకు నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, వార్డెన్ కంటపడకుండా దుప్పటి కింద దాచిన ఒక ఎలక్ట్రిక్ కెటిల్. కంప్యూటర్ సైన్సు వాడు నెట్‌వర్కు పాఠం క్లాసులో వినేలోపే ఇక్కడ కట్టేసుకుంటాడు.

ఎంపిక లేదని మాత్రం అనకండి. పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల హాస్టల్ ఫీజుల పట్టిక చూశారా? ఇద్దరుండే గది, ముగ్గురుండే గది, నలుగురుండే గది, ఆరుగురుండే గది. ఒక్కోదాంట్లో ఏసీ, నాన్ ఏసీ. వాటికి మళ్లీ వెజ్ మెస్సు, నాన్ వెజ్ మెస్సు, స్పెషల్ మెస్సు. గుణిస్తే ఇరవైనాలుగు. ఇరవైనాలుగు రకాల గదులు, ఒకటే వార్డెను, ఒకటే గేటు. గుణకారం గేటు దగ్గర ఆగిపోతుంది.

ర్యాగింగు మీద యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. కొత్తగా చేరిన పిల్లల్ని వీలైనంత వరకు వేరే బ్లాకులో ఉంచమంది, పిల్లల దగ్గర, తల్లిదండ్రుల దగ్గర అఫిడవిట్లు తీసుకోమంది. అది కాలేజీల నెత్తిన పెట్టిన బాధ్యత. కౌంటరు దగ్గరికొచ్చేసరికి అది సరుకైపోయింది. ‘ఫస్టియర్ వాళ్లకి మా దగ్గర స్పెషల్ బ్లాక్ సార్. కొంచెం ఎక్స్‌ట్రా అవుద్ది.’ చట్టం చెయ్యమన్న పనిని ప్రీమియం సౌకర్యంగా అమ్ముకోవచ్చని తేలాక ఇక హద్దేముంది? రేపు మెట్లకూ తలుపులకూ విడిగా బిల్లు వేస్తారు. మనం అందులో అయిదొందలు తగ్గించుకుని, మేనేజరును గెలిచామనుకుంటూ కారెక్కుతాం.

అమ్మాయిని చేర్చడానికి వచ్చిన కారులో అడిగే ప్రశ్న ఒక్కటే. గేటు ఎన్నింటికి వేస్తారు? ఆరున్నరకంటే నాన్న మొహం చిట్లిస్తాడు. పక్క సందులో హాస్టల్ వాళ్లు ఆరింటికే వేస్తున్నారట. కూరగాయల బండి దగ్గర రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేయించుకోనిదే కదలని మనిషి, ఇక్కడ కూతురి సాయంత్రంలో అరగంట కోసెయ్యమని బేరం పెడతాడు. మేనేజరు ఒప్పుకుంటాడు. ఆయనకేం పోయింది? అబ్బాయిల హాస్టల్‌కు కాగితం మీద తొమ్మిదిన్నర. ఆ గేటుకూ తాళం ఉంది, తాళంచెవి వాచ్‌మన్ ఎక్కడ పెడతాడో ఫస్టియర్ వాళ్లకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది. భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనల్లో రాసింది. ఆ ఏడే ఢిల్లీలో అమ్మాయిలు ఈ గేట్ల మీదే ‘పింజ్రా తోడ్’ ఉద్యమం మొదలుపెట్టారు. యూజీసీ కాగితం మన హాస్టళ్ల దాకా వచ్చే ఉంటుంది. కాకపోతే ఆరున్నర దాటాక వచ్చినట్టుంది, వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు.

పరుపు, ఫ్యాను, గేటు అయిపోయాక బాబాయి అసలు పని మొదలుపెడతాడు. మేనేజరు భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గిస్తాడు.

‘రూమ్మేట్లు ఎవరండీ?’

‘ఒకబ్బాయిది ఖమ్మం సార్, ఒకబ్బాయిది ఒంగోలు.’

‘ఊళ్లు సరే. మనవాళ్లేనా అని.’

మనవాళ్లంటే ఎవరో బాబాయి చెప్పడు, మేనేజరు అడగడు. రిజిస్టరు తెరిచి ఇంటిపేర్ల వరుస మీద వేలు కిందికి జారుస్తాడు. వేలు ఒకచోట ఆగుతుంది. ‘404 ఇద్దాం సార్. మీకు ఇబ్బంది ఉండదు.’ ఇరవైనాలుగు రకాల పట్టికలో లేని ఇరవై అయిదో రకం అది. దానికి ఎక్స్‌ట్రా కూడా లేదు.

ఈ విషయంలో పాతవాళ్లే నయం. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి హైదరాబాదులో రెడ్డి హాస్టల్ పెట్టినప్పుడు బోర్డు మీద పేరు దాచలేదు. పల్లె నుంచి నగరానికి చదువుకోసం వచ్చిన పిల్లాడికి తల దాచుకునే చోటు దొరకని రోజులు. సురవరం ప్రతాపరెడ్డి అంతటి పండితుడు అక్కడ పర్యవేక్షకుడిగా పనిచేశారు. తర్వాత ఒక్కో కులం ఒక్కో హాస్టల్ కట్టుకుంది. వాటిని తిట్టదలచుకున్నవాడికి బోర్డయినా కనిపించేది. ఇప్పుడు బోర్డు మీద ‘ఎగ్జిక్యూటివ్ లగ్జరీ’ ఉంది, కులం రిజిస్టరులోకి మారింది. ఇదే పిల్లాడు నాలుగేళ్ల తర్వాత డాలస్ వెళ్లి గది వెతుక్కుంటాడు. అక్కడికి బాబాయి వెళ్లనక్కర్లేదు. వాడే అడుగుతాడు.

భోజనం సంగతికొస్తే, మనవాళ్లు హాస్టల్ చూడ్డానికి ఆదివారమే వస్తారు. ఆదివారం చికెన్. మెనూ బోర్డు మీద పనీర్ బటర్ మసాలా, వెజ్ పులావు, గులాబ్ జామున్ చక్కటి చేతిరాతలో ఉంటాయి. ఆ బోర్డు రాసినవాడికి మంచి భవిష్యత్తు ఉంది, కల్పనా సాహిత్యంలో. సోమవారం నుంచి దొండకాయ వేపుడు, సాంబారు, ఆ సాంబారుకే మర్నాడు పప్పుచారని పేరు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున నిమ్మకాయ పులిహోర అవుతుంది. నెలకు 20,000 రూపాయల లోపు అద్దె ఉన్న బయటి హాస్టళ్లకు 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ పన్ను మినహాయించింది, కాకపోతే కనీసం 90 రోజులు వరుసగా ఉండాలంది. తొంభై రోజులు ఆ సాంబారుతో నిలబడ్డవాడికి పన్ను మినహాయింపు ఒక్కటే ఏమిటి, శాలువా కూడా కప్పాలి.

ఇంతసేపూ చెప్పుకున్నది జేబులో అడ్వాన్సు ఉన్నవాళ్ల గోల. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవాళ్ల డైట్ చార్జీలు 2024లో పెంచారు, నెలకు 1,500 నుంచి 2,100కు. అంటే రోజుకు 70 రూపాయలు, మూడు పూటలకూ కలిపి. దారిలో బాబాయి ఆగి తాగిన కోల్డ్ కాఫీ అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది. ఆంధ్రలో 2020లో మొదలైన వసతి దీవెన కింద డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు ఏడాదికి 20,000 వరకు తల్లుల ఖాతాలో వేస్తామన్నారు. నెలకు 1,700 కూడా కాదు. మన కరపత్రంలోని ఏ గదికీ ఆ అంకెతో తలుపు తెరుచుకోదు. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలు వానలో కూర్చుని వారం రోజులు ధర్నా చేసిందీ తిండి, వసతుల లాంటి మామూలు కోరికల కోసమే. అక్కడ ఏసీనా, నాన్ ఏసీనా అని ఎవరూ అడగలేదు.

మన కారులో నలుగురూ అన్నీ అడిగారు. ఎంతమందికి ఎన్ని బాత్రూములని మాత్రం అడగలేదు. రాత్రి రెండింటికి పిల్లాడికి జ్వరం వస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారని అడగలేదు. వెనక రెండో మెట్లదారి ఉంది, దానికి గొలుసుతో తాళం వేసి ఉంది. నాన్న దాన్ని చూశాడు కూడా. చూసి, ‘మంచి సెక్యూరిటీ’ అన్నాడు.

ఇక ఫారం. ముందు పేజీలో విద్యార్థి ఫొటో, తండ్రి ఉద్యోగం, తండ్రి ఆదాయం, తండ్రి సంతకం. వెనక పేజీలో చీమ తలకాయలంత అక్షరాల్లో నిబంధనలు. గది మార్చబడదు. గీజరు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే. వస్తువులు పోతే యాజమాన్యం బాధ్యత వహించదు. గదిలో వంట నిషేధం, మద్యం నిషేధం, పొగ నిషేధం, బయటివారు నిషేధం. నాలుగేళ్లలో వీటిలో ప్రతిదీ ఎవడో ఒకడు ఉల్లంఘిస్తాడు, కొన్నిటిని వార్డెనే ఉల్లంఘిస్తాడు. వంక పెట్టడానికి వీల్లేకుండా అమలయ్యే నిబంధన చిట్టచివర్లో ఉంటుంది. నాన్న దాని పక్కనే సంతకం పెట్టి, ఫోన్ తీసి స్కాన్ చేసి డబ్బు పంపుతాడు. కౌంటరు మీదున్న చిన్న పెట్టె ఎంత వచ్చిందో గట్టిగా చదివి వినిపిస్తుంది. ఒకసారి చెల్లించిన రుసుము ఏ పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు.