గంప కింది పెద్దమనిషి

బీదర్ ఆకాశంలో చప్పుడైతే తల ఎత్తకుండానే అది ఏ విమానమో చెప్పే పిల్లలున్నారు. 2008 నుంచి అక్కడి వాయుసేన స్థావరంలో హాక్ శిక్షణ విమానాలు తిరుగుతున్నాయి. సూర్యకిరణ్ విన్యాసాల జట్టుకూ సొంతిల్లు అదే. డేగ పేరు పెట్టుకున్న విమానాన్ని ఇంత సులువుగా పోల్చే జిల్లాలో అసలు డేగ ఒకటి వచ్చి పడితే, అదేమిటో తేల్చడానికి పంచాయితీ పెట్టాల్సొచ్చింది.

ధన్నూరలో మా మేనమామ ఇల్లు. సంక్రాంతి వెళ్లాక కందిచేను గట్టున తుమ్మచెట్టుకు వేలాడుతున్న గాలిపటం దారంలో రెక్క చిక్కి కొట్టుకుంటుంటే, మామ తువ్వాలు కప్పి పట్టుకొచ్చాడు. ఆ నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. ఆ సంగతి దారానికి ఎవరూ చెప్పినట్టు లేదు. కళ్లకు చీకటైతే వేటపక్షికి బెదురు తగ్గుతుంది. కాబట్టి ఆ రోజు మొత్తంలో దానికి జరిగిన మేలల్లా ఆ తువ్వాలే. మామ ఇల్లు చేరగానే అందరూ చూడాలని దాన్ని తీసేశాడు.

అత్త దాన్ని కోళ్లగంప కింద మూసింది. కోళ్లు ఆ సాయంత్రం వాకిట్లోకి రానన్నాయి.

‘‘గద్దనే’’ అని తేల్చేసింది అత్త. ఆమె లెక్కలో కోడిపిల్లను ఎత్తుకుపోయేది ఏదైనా గద్దే, పక్కింటి పిల్లితో సహా.

‘‘గద్దకు తోక చీలి ఉంటదే, దీనికేది?’’ అన్నాడు మామ.

ఈలోగా ఒక పెద్దాయన గరుడపక్షి అంటూ చెప్పులు విడిచి దండం పెట్టాడు. గరుడపక్షికి తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్లు ఇటుక రంగులో ఉంటాయి. ఇదేమో బూడిద రంగు. పెట్టిన దండం వెనక్కి తీసుకోలేక ఆయన ‘‘దాని చుట్టమై ఉంటది తీ’’ అని సర్దుకున్నాడు. ఆ మాట నిజమే, రెండూ ఒకే కుటుంబం.

అసలు తిరకాసు పెట్టింది కాలేజీ కుర్రాడు. ఫోన్లో ఫొటో చూపించి, ఇది డేగే కాదు, కోకిల జాతి అన్నాడు. కొట్టిపారేయలేం. కోకిల కుటుంబంలో ఒక పిట్ట అచ్చం జాలె డేగ వేషమే వేస్తుంది: అదే బూడిద వీపు, రొమ్ము మీద అవే అడ్డచారలు, తోకకు అవే పట్టీలు. ఎండాకాలం రాత్రుళ్లు మెట్టుమెట్టుగా గొంతు పెంచుతూ మన నిద్ర చెడగొట్టేది అదే. పరాయి గూట్లో గుడ్డు పెట్టి పోయే రకానికి పోలీసు వేషం కన్నా ఏం కావాలి? అయితే వేషం కాళ్ల దాకా రాదు. కోకిల జాతికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి. డేగకు మూడు ముందుకు, ఒకటి వెనక్కి.

కాళ్లు చూడాలంటే గంప ఎత్తాలి. ముక్కుకు దొరక్కపోతే చాలనుకుని కుర్రాడే చెయ్యి పెట్టాడు. వేటపక్షి ఆయుధం ముక్కు కాదు, గోళ్లు. మూడు ముందు, ఒకటి వెనక అన్న లెక్క వాడి అరచేతి మీద స్పష్టంగా పడింది. జాలె డేగేనని అందరం ఒప్పుకున్నాం. అందరికన్నా ముందు వాడే ఒప్పుకున్నాడు.

పేరు తేలాక ఆకలి గుర్తొచ్చింది. పాలు, నానబియ్యం, దండం పెట్టినాయన తరఫున అరటిపండు వచ్చాయి. తొండలు, ఉడతలు, చిన్నపిట్టలు తినే జీవి వాటివైపు చూడనైనా లేదు. గొంతులో నీళ్లు పోస్తామని ఇంకొకరు గ్లాసుతో వచ్చారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక వైద్యుడితో పని ఉండదని బతిమాలి ఆపాను. ‘‘పచ్చిమాంసమా? ఇయ్యాల సోమవారం’’ అంది అత్త.

ఈ ఇబ్బంది అత్త ఒక్కదానిదే కాదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో జైనుల పక్షుల ఆస్పత్రికి పెద్ద పేరు. పావురాలకు పడకలున్నాయి, మాంసం తినే పక్షులకు లేవు. అలా మిగిలిపోయిన గద్దల కోసమే నదీమ్ షహజాద్, మొహమ్మద్ సౌద్ అనే అన్నదమ్ములు ఇంట్లోనే వైద్యం మొదలుపెట్టి వేల పక్షులను బతికించారు. వాళ్ల మీద షౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ 2022లో కాన్‌లో బహుమతి కొట్టి, ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది.

ఇది విని మామకు హుషారొచ్చింది. ‘‘అయితే మనమే సాదుకుందం’’ అన్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో డేగ ఉన్నది మొదటి షెడ్యూలులో, అంటే పులి పక్కన అని చెప్పాను. గంప కింద ఉన్నది దాదాపు పులేనని అర్థమవగానే మామ గొంతు మారిపోయింది. ‘‘ఎవడు తెచ్చిండు దీన్ని?’’ అన్నాడు.

అటవీశాఖ 1926 నంబరుకు ఫోన్ చేసి, బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో దాన్ని కూర్చోబెట్టాం. రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయం బీదర్‌లోనే ఉండటం ఆ పక్షి అదృష్టం. ఎముక విరగలేదని, చర్మమే తెగిందని డాక్టరుగారు కుట్లు వేశారు. కంటి ఎరుపు చూసి మగదన్నారు. ఆడదైతే ఇంతకన్నా పెద్దగా ఉంటుందట. అత్త తలాడించింది.

కొన్నాళ్లకు ఫోనొచ్చింది. రెక్క మానింది, బాగా ఎగురుతోంది, ఇక దొరికిన చోటే వదలాలి. పెద్ద డేగకు తన ఇలాకా తెలుసు, కొత్తచోట వేరే డేగలు దాన్ని ఉండనివ్వవు.

అత్త అంతా విన్నది. ‘‘దొరికిన చోటంటే మన చేనే గద బిడ్డా? చేనుకూ నా కోళ్లకూ నడుమ ఒక్క గట్టేనాయె. ఆ సార్లకు చెప్పు, మనకు హుమ్నాబాద్‌ల దొరికిందని.’’